నాయనమ్మ శృతి ఏ కీ మీద ఉంది?

పోస్ట్ కొంచెం పెద్దగా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న ఒక తమ్ముడు అడిగిండు, "అన్నా, చిన్న మిడి కీబోర్డ్ దొరికింది, 25 కీలే ఉన్నయి, మన పాటలు దీంట్ల పడతయా?" అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు నా పరువు పోయిన కథ చెప్పాలి.

మాది చర్ల మండలంలో అడవి అంచు ఊరు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా రూములో సీనియర్ అన్న ఖాళీ చేసి పోతూ తన పాత కీబోర్డ్ నాకిచ్చాడు. దానికి స్పీకర్ లేదు, సొంత గొంతు లేదు. ఓటీజీ వైరుతో ఫోన్‌కి పెడితే యాప్‌లో మోగుతుంది. మనం కీ నొక్కితే అది ఫోన్‌కి ఒక నంబరు పంపుతుంది, అంతే. నడిమి సి కి 60, పక్కన నల్ల కీ 61. ఇట్లా 0 నుంచి 127 దాకా. 25 కీలంటే రెండు స్థాయిలే కాబట్టి ఆక్టేవ్ బటన్లు పెట్టారు. ప్లస్ నొక్కితే ప్రతి నంబరుకి 12 కలుస్తుంది, మైనస్ నొక్కితే 12 తగ్గుతుంది. స్వరం అదే, నాయన గొంతులో పాట చెల్లె గొంతులోకి పోయినట్టు. ట్రాన్స్‌పోజ్ వేరు. అది ఒక్కో మెట్టు జరుగుతుంది. ప్లస్ 1 పెడితే సి నొక్కినా సి షార్ప్ మోగుతుంది. హార్మోనియం వాళ్ళ మాటలో ఒకటో శృతి ఒకటిన్నర అయినట్టు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పోయిన ఏడాది ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవానికి మా అక్కలు రేల పాట తయారు చేశారు. డోలు ఉంది. నేను కీబోర్డ్ తెస్తానని ఎగబడ్డాను. నాకు వచ్చింది తెల్ల కీలు ఒక్కటే, సి నుంచి మొదలుపెడితేనే చేతులు తిరుగుతాయి. అందుకని "అక్కా, నా శృతికి రండి" అన్నాను. వచ్చారు. పాట పైకి ఎక్కే దగ్గర గొంతులు చీరుకుపోయాయి. ఆక్టేవ్ మైనస్ నొక్కాను. ఇప్పుడు మరీ కిందికి పోయింది, వరుసలో ఉన్న సగం మందికి గొంతే పెగల్లేదు. మళ్ళీ ప్లస్, మళ్ళీ మైనస్. అరగంట అయ్యాక ముందు పాడే అక్క విసిగిపోయి, "మేమే తిరగాల్నా? ఆ డబ్బా మా దగ్గరికి రాదా?" అంది.

సిగ్గేసింది. ఆ రాత్రి కూర్చుని వెతికాను. అక్కని ఆమె ఇష్టమొచ్చిన చోట సా పట్టమని ముందే ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నా కదా, ఒక్కో కీ నొక్కుతూ పోతే ఏ దగ్గర కలిసింది. ఆరో శృతి. మొదట సి నుంచి పైకి లెక్కపెట్టి ప్లస్ 9 పెట్టాను, కీచుమంది. 60కి 9 కలిపితే 69, అక్క పాడేది 57. అంటే ట్రాన్స్‌పోజ్ మైనస్ 3 చాలు. మూడంటే మూడు మెట్లు! నేను వాళ్ళని పన్నెండు మెట్లు అటూ ఇటూ దూకిస్తున్నాను. మర్నాడు ప్రాక్టీసులో నేను నా తెల్ల కీలే వాయించాను, అక్కలు వాళ్ళ గొంతులో వాళ్ళు పాడారు.

స్టేజి మీద ఏమైందంటే, భయంతో నేను ముందే యాప్‌లో కూడా మైనస్ 3 పెట్టి ఉంచాను. కీబోర్డ్‌లో ఒక మూడు, యాప్‌లో ఒక మూడు. మొదటి స్వరానికే అక్కలు ఆగిపోయారు. వెనకాల ఎవరో "పోడు పిల్లగానికి పియానో ఎందుకురా" అన్నారు, నవ్వులు. అక్క నన్ను చూడలేదు. డోలు వైపు తల ఊపి పాట ఎత్తుకుంది. పాట చివరిదాకా బాగా పోయింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది. కానీ కీబోర్డ్ మానలేదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి పట్టుకుపోయాను. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, చర్ల, బస్సులన్నీ ఒళ్ళోనే పెట్టుకుని. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. సమ్మక్క సారలమ్మ కథ పాడిన ఆ గొంతు ఇక ఎదురుగా వినలేం. మా నాయనమ్మ పాటలైనా పట్టుకోవాలని నా తొందర.

ఆమె పాడుతుంటే సా వెతికాను. 57 కాదు. 58 కాదు. రెండిటి మధ్య ఎక్కడో ఉంది. ట్రాన్స్‌పోజ్ పూర్తి మెట్టే కదులుతుంది, సందులో నిలబడదు. యాప్‌లో ఫైన్ ట్యూన్ అని ఉంది, ఒక మెట్టుని నూరు సెంట్లు చేస్తారు. దాన్ని జరుపుతూ జరుపుతూ ఒక చోట కలిపాను. మూడో చరణానికి నాయనమ్మ తనంతట తనే పైకి జరిగింది! ఆమెకి ఊపొస్తే శృతి కూడా లేస్తుంది. ఇప్పుడు ఆమె పాటలు కీబోర్డ్ లేకుండా ఉత్త గొంతే రికార్డ్ చేస్తున్నాను.

తమ్ముడూ, నీకు చెప్పేది: ట్రాన్స్‌పోజ్ ఒక్క చోటే పెట్టు, కీబోర్డ్‌లో గానీ యాప్‌లో గానీ. కీ నొక్కి పట్టుకుని బటన్ మార్చకు, కొన్నిట్లో స్వరం ఆగకుండా మోగుతనే ఉంటది. పాట మొదలుకాకముందు ఒక కీ నొక్కి పాడేవాళ్ళకి వినిపించు.

నా కీబోర్డ్ వెనకాల తెల్ల టేపు అతికించి పాడేవాళ్ళ పేర్లు, పక్కన నంబర్లు రాసుకున్నాను. అక్క పేరు పక్కన మైనస్ 3. నాయనమ్మ పేరు పక్కన ఇంకా ఏమీ రాయలేదు.