పట్టీలో రెండో అంకె

52.9 డిగ్రీలు! 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పుర్‌ పేరు దేశమంతా మారుమోగిపోయింది. రికార్డు బద్దలైందనే అనుకున్నారంతా. తీరా పరీక్షిస్తే అక్కడి పరికరం 3 డిగ్రీలు ఎక్కువ చూపించిందని వాతావరణశాఖ తేల్చింది. దాంతో మన దేశంలో ఎండ రికార్డు రాజస్థాన్‌లోని ఫలోదికే ఉండిపోయింది. 2016 మే 19న అక్కడ నమోదైంది 51 డిగ్రీలు. అంతకుముందు అరవై ఏళ్లపాటు ఆ పేరు అదే రాష్ట్రంలోని అల్వర్‌ది. 1956లో అక్కడ 50.6 డిగ్రీలు.

చలికీ రికార్డులున్నాయి. 1983 జులై 21న అంటార్కిటికాలోని వోస్తోక్‌ కేంద్రంలో మైనస్‌ 89.2 డిగ్రీలు! అంత కాకపోయినా మనకీ లంబసింగి ఉందిగా. చలికాలంలో అక్కడ సున్నాకి దగ్గర పడిందంటే చాలు... కార్లేసుకుని బయల్దేరతాం.

పేపర్లో వచ్చే ఉష్ణోగ్రతల పట్టీని మనం చదివేదీ అలాగే. మే నెలలో మొదటి అంకె... గరిష్ఠం. జనవరిలో రెండోది... కనిష్ఠం. మరి మే నెల కనిష్ఠాన్ని ఎవరు చూస్తారు?

నాకు ఆ అలవాటు 2015లో అయింది. ఆ మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు రమారమి రెండువేల మంది చనిపోయారు. కడప జిల్లా పెద్దముడియంలో మా చిన్నాయన పోయిందీ అప్పుడే. ఎండలో తిరుగుతూ కాదు. రాత్రి, ఇంట్లో, మంచం మీద.

పొద్దున్నే ఎనుములకు మేతేసి వచ్చాడు. మజ్జిగ తాగాడు. ఆపైన నీడపట్టునే ఉన్నాడు. పిన్నమ్మ పోయాక ఆ బండల మిద్దెలో ఆయనొక్కడే. తెల్లారి పాలకు వెళ్లినవాళ్లు తలుపు తడితే పలకలేదు. 'గుండె ఆగిందేమో' అన్నారు ఊళ్లో.

'గుండె కాదప్పా, మిద్దె! పగలంతా ఎండను తాగి రేత్రికి మన మీద కక్కుతాది' అంది మాయమ్మ.

మాయమ్మ మాటలో నిజముంది. వాతావరణశాఖ థర్మామీటరు ఉండేది గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున. ఆ పెట్టెలోనే తెల్లవారుజామున 30 డిగ్రీలుంటే, తలుపులేసుకున్న బండల మిద్దెలో ఇంకెంత ఉంటుంది? పగలు వేడెక్కిన ఒళ్లు రాత్రి చల్లబడాలి. లేదంటే చర్మానికి రక్తం పంపుతూ గుండె తెల్లవార్లూ కష్టపడాల్సిందే. వయసు మళ్లినవాళ్లు తట్టుకోలేరు. అందుకే పగలు 40 డిగ్రీలకు పైన ఉండి, రాత్రి ఉష్ణోగ్రత మామూలు కంటే 4.5 డిగ్రీలకు మించి పెరిగితే వాతావరణశాఖ దాన్ని ప్రత్యేకంగా 'వెచ్చని రాత్రి' అంటుంది. పేరు హాయిగానే ఉంది కదూ... ఆ రాత్రి మాత్రం అలా ఉండదు.

ఇప్పుడు మాయమ్మ సాయంత్రమైతే మిద్దె మీద నీళ్లు చల్లి, మంచం వాకిట్లో వేస్తుంది. ఫోన్‌ చేసినప్పుడు నేను ఎండెంతని అడగను. 'రాత్రి నిద్ర పట్టిందా?' అంటాను.

మీ వీధిలోనూ ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఈ ఎండాకాలం పట్టీలో రెండో అంకె కూడా చూడండి. అది బాగా పెరిగిన రోజున తెల్లారేదాకా ఆగకండి. పడుకునే ముందే ఒకసారి వెళ్లి వాళ్ల తలుపు తట్టండి.