హుఫూఫ్ చుట్టుపక్కల కొండ, అడవి, పచ్చిక

సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో, అల్ అహ్సా ఒయాసిస్‌కు ప్రధాన పట్టణం హుఫూఫ్. ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు కాబట్టి ఇక్కడ సహజమైన అడవి లేదు. ఉన్న అడవి మనుషులు నాటింది, ఉన్న చెరువు పొలాల మురుగుతో నిండింది. కొండ మాత్రం ఎవరూ చేసింది కాదు. వారాంతంలో స్థానికులు వంటసామాను, చాపలు కారులో వేసుకుని బయలుదేరేది ఈ మూడింటి వైపే. దమ్మామ్ ఇక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. దమ్మామ్ నుంచి రియాద్‌కు 1951లో మొదలైన రైలు హుఫూఫ్‌లో ఆగుతుంది కనుక దమ్మామ్‌లో పనిచేసే తెలుగువారు సెలవు రోజున వచ్చి పోవచ్చు.

పర్యటన సాధారణంగా పట్టణానికి తూర్పున ఉన్న జబల్ అల్ ఖారా కొండతో మొదలవుతుంది. ఎత్తు చుట్టుపక్కల నేలకన్నా 70 మీటర్లకు కొంచెం అటూ ఇటూ. నల్లమల చూసినవారికి ఇది గుట్ట కిందే లెక్క. దీని గొప్పతనమంతా లోపల ఉంది. ఇసుకరాయి, బంకమట్టి పొరలతో ఏర్పడిన ఈ కొండలో నిలువు పగుళ్లు ఉన్నాయి. వానలు ఎక్కువగా కురిసిన పాత కాలాల్లో నీరు ఆ పగుళ్ల వెంట దిగి రాతిని కొద్దికొద్దిగా కోసింది, మిగతా పని గాలి చేసింది. అందుకే ఇక్కడి గుహలు వెడల్పయిన గదుల్లా ఉండవు. ఒక మనిషి పట్టేంత సన్నని దారులు, వాటికి రెండు వైపులా తల వెనక్కి వంచి చూడాల్సినంత ఎత్తు గోడలు ఉంటాయి. మందమైన రాయి ఎండను లోపలికి రానివ్వదు. బయట ఆగస్టులో 45 డిగ్రీలు కాస్తున్నా లోపల 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. చలికాలంలో అదే గుహ వెచ్చగా తోస్తుంది. ఇప్పుడు దీపాలు, నడకదారి ఏర్పాటు చేసి టికెట్టు పెట్టారు. రంగురంగుల దీపాలు కాస్త ఎక్కువయ్యాయనే చెప్పాలి. ఆ రాతికి అలంకారం అక్కర్లేదు. కొండ అంచున కుమ్మరుల పనితావు ఒకటి ఉంది. పైకెక్కితే కనుచూపుమేర ఖర్జూర తోటలే. ఒయాసిస్‌లో 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయని అంచనా. యునెస్కో 2018లో అల్ అహ్సాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తే అల్ అహ్సా జాతీయ ఉద్యానం వస్తుంది. దీన్ని వేసింది విహారం కోసం కాదు. అరబ్బులు షమాల్ అనే ఉత్తరపు గాలి ఎడారి ఇసుకను తోసుకొచ్చి తోటలను, కాలువలను, ఊళ్లను పూడ్చేస్తుండేది. రైతులు ఖర్జూర మట్టలతో దడి కట్టేవారు. ఏడాది తిరిగేసరికి దడి ఇసుకలో కలిసిపోయేది. 1962లో ప్రభుత్వం ఇసుకను అడ్డుకునే పథకం చేపట్టి, గాలికి అడ్డంగా చెట్లు నాటించింది. ఎక్కువగా నాటింది అథల్ అనే చెట్టు. కొమ్మ నరికి గుచ్చినా బతుకుతుంది, ఉప్పు నేలను తట్టుకుంటుంది, ఇసుక మీద పడి పూడుస్తున్నా మళ్లీ పైకి లేస్తుంది. దీనికి తోడు మన ఊళ్లలో సర్కారు తుమ్మగా పేరుపడ్డ చెట్టునూ వేశారు. మన రైతు తిట్టుకునే ఆ ముళ్ల చెట్టు ఇక్కడ కాపలాదారు. కోస్తాలో సముద్రపు ఇసుక ఎగిరి రాకుండా పెంచే సరుగుడు తోటల వెనుక ఉన్న ఆలోచనే ఇక్కడా పనిచేసింది. చెట్లు పెరిగి నీడ పడ్డాక జనం రావడం మొదలైంది, ఆ తర్వాత అది ఉద్యానమైంది. ఈ చరిత్ర తెలిస్తే ఇక్కడ కొమ్మ విరవడం ఎందుకు నేరమో వేరే చెప్పనక్కర్లేదు. దేశమంతటా ఉద్యానాల్లో వంటచెరకు కొట్టడానికి వీల్లేదు. నిప్పు కేటాయించిన చోటే పెట్టాలి, లేకుంటే జరిమానా తప్పదు.

ఒయాసిస్‌కు తూర్పు అంచున, ఇసుక తిన్నెల మధ్య అల్ అస్ఫర్ చెరువు ఉంది. 1971లో పూర్తయిన సాగునీటి, మురుగునీటి పథకం కాలువలు తోటల్లో మిగిలిన ఉప్పునీటిని ఇక్కడికి చేరుస్తాయి. రెల్లు దట్టంగా పెరిగింది, చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. ప్రపంచ వారసత్వ స్థలంలోని 12 భాగాల్లో ఈ చెరువూ ఒకటి. తోటలకు నీరు పొదుపుగా వాడటం నేర్చుకున్నకొద్దీ చెరువుకు వచ్చే నీరు తగ్గుతుంది. ఈ చిక్కుకు తేలికైన జవాబు లేదు.

పచ్చిక చూడాలంటే మాత్రం వాన మీద ఆధారపడాలి. పశ్చిమాన సుమ్మాన్ పీఠభూమి మీద వాననీరు నిలిచే పల్లాలను రౌదా అంటారు. చలికాలంలో సకాలంలో వాన పడితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ గడ్డి మొలుస్తుంది, పూలు పూస్తాయి. జనం గుడారాలు వేసుకుని, ఇసుకలో దొరికే ఫగా అనే పుట్టగొడుగుల కోసం వెతుకుతారు. వాన పడని ఏడాది అక్కడ చూడటానికేమీ ఉండదు. దట్టమైన కొండ అడవి కావాలనుకునేవారు దేశానికి నైరుతిన ఉన్న అసీర్ పర్వతాలకు వెళ్లాలి. జూనిపర్ చెట్లున్న ఆ కొండల్లో 1980ల తొలినాళ్లలోనే జాతీయ ఉద్యానం ఏర్పడింది.

హుఫూఫ్ పర్యటనకు నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. కొండకు, ఉద్యానానికి మామూలు కారు చాలు. అల్ అస్ఫర్‌కు ఇసుకలో నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి. దారి తెలిసినవారు లేకుండా, ఒక్క బండితో అటు వెళ్లకూడదు.