కుంపటి దగ్గర ఖార్టూం

ఖార్టూంలో నేను ఎక్కువసేపు కూర్చున్నది ఒక టీ అమ్మే ఆవిడ దగ్గర. నైలు ఒడ్డున వేపచెట్టు, దాని కింద బొగ్గుల కుంపటి, చుట్టూ తాడుతో అల్లిన పొట్టి పీటలు. సీసాల్లో అల్లం, లవంగాలు, పుదీనా, ఎండిన కర్కడే. ఆ కర్కడేని అరచేతిలో పోసుకుని చూస్తే ఎక్కడో చూసినట్టే ఉంది. మన గోంగూరే! పువ్వు రాలాక కాయచుట్టూ మిగిలే దళసరి ఎర్ర రేకులు. మరిగించి చక్కెర వేసి ఇచ్చింది. పుల్లగా, వగరుగా, ప్రాణం లేచొచ్చింది. మేం ఆకుతో పచ్చడి నూరుకుంటామని చెబితే, "ఆకు తిని పువ్వు పారేస్తారా?" అని జాలిపడింది. నాతో వచ్చిన విద్యార్థి ఆమె అరబిక్‌ను ఇంగ్లిష్‌లోకి మార్చి చెబుతున్నాడు.

అది 2019 డిసెంబరు 14. ముప్ఫయ్యేళ్లు దేశాన్నేలిన ఒమర్ అల్ బషీర్‌కు విదేశీ డబ్బు అక్రమంగా దాచిన కేసులో కోర్టు ఆరోజే రెండేళ్ల శిక్ష వేసింది. వయసు డెబ్భై దాటిందని జైలుకు బదులు సంస్కరణ గృహానికి పంపమంది. పీటల మీద కుర్రాళ్లు మండిపడుతున్నారు. బషీర్ హయాంలో దార్ఫూర్‌లో జరిగిన చావులకు శిక్షేదని ఒకడు, జూన్ 3కి జవాబెవరు చెబుతారని ఇంకొకడు. ఏప్రిల్ 6 నుంచి సైనిక కార్యాలయం ముందు బైఠాయించిన జనం ఏప్రిల్ 11న బషీర్‌ను దింపించి, సైన్యం కూడా దిగాల్సిందేనని అక్కడే ఉండిపోయారు. రంజాన్ నెల ముగుస్తుండగా జూన్ 3న సాయుధ బలగాలు వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. చనిపోయినవాళ్లు వందకు పైనేనని వైద్యుల సంఘం లెక్క. కొన్ని శవాలు నైలులో తేలాయి.

టీ అమ్మే ఆవిడ మాత్రం తీర్పును పట్టించుకోలేదు. ఆమెకు ముఖ్యమైన తేదీ నవంబరు 28. ఆరోజు కొత్త ప్రభుత్వం పబ్లిక్ ఆర్డర్ చట్టాన్ని రద్దు చేసింది. ప్యాంటు వేసుకున్న ఆడపిల్లకు కొరడా దెబ్బలు పడింది అలాంటి చట్టాల కిందే. ఆ చట్టాన్ని చేతబట్టుకుని పోలీసులు లారీల్లో వచ్చి కెటిల్, కుంపటి, పీటలు ఎత్తుకుపోయేవాళ్లు. విడిపించుకోవాలంటే జరిమానా. నూబా కొండల్లో యుద్ధానికి భయపడి పిల్లలతో పారిపోయి వచ్చిన మనిషికి అది రోజుల తరబడి సంపాదన. "ఇప్పుడు లారీ చప్పుడైనా తల తిప్పను" అంది, కప్పులు కడుగుతూనే. బైఠాయింపు రోజుల్లో కుంపటి అక్కడికే తీసుకెళ్లి, డబ్బులున్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు ఊరికే పోసిందట. ఆ ఏడాది జరిగిన అన్ని మార్పుల్లోకీ నాకు పెద్దదిగా కనిపించింది ఈ కుంపటికి దొరికిన నిర్భయమే. 2021 అక్టోబరులో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది, 2023 ఏప్రిల్‌లో ఆ నగరమే యుద్ధభూమి అయింది. అయినా ఆ మాట నిజమనే అనుకుంటున్నాను.

జలాబియా గురించి చెప్పకపోతే పాపం. ఉదయం పాలటీతో ఇస్తారు, వేడివేడిగా చిన్న మైసూరు బోండాల్లా ఉంటాయి, పైన చక్కెర పొడి. అంతకు మించిన టిఫిన్ ఆ దేశంలో నాకు దొరకలేదు.

తర్వాత ఉత్తరానికి అత్బరా. మెరోయీ పిరమిడ్లు బస్సు కిటికీలోంచే దాటిపోయాయి. బషీర్‌ను దింపేదాకా సాగిన ఆందోళనలో 2018 డిసెంబరు 19న విద్యార్థులు వీధుల్లోకొచ్చింది ఆ ఊళ్లోనే. ఒక పౌండుకు దొరికే రొట్టె ధర మూడు పౌండ్లయింది. సాయంత్రానికి పాలకపక్షం కార్యాలయం తగలబడింది. 2011లో దక్షిణ సూడాన్ విడిపోతూ చమురులో ముప్పాతిక వంతు పట్టుకుపోయాక ఖజానా ఒట్టిపోయింది. దాని భారం చివరికి బడిపిల్లల రొట్టె మీద పడింది. అయితే అత్బరా ఊరికే మండే ఊరు కాదు. బ్రిటిష్‌వాళ్లు రైల్వేకు కేంద్రం చేసిన ఊరది, సూడాన్ కార్మికోద్యమం పుట్టిన ఊరు. 2019 ఏప్రిల్ 23న బోగీల పైకప్పుల మీద కూడా జనంతో రైలు బయల్దేరి ఖార్టూం బైఠాయింపుకు చేరింది ఇక్కడి నుంచే.

స్టేషన్ దగ్గర ఒక ముసలి ఫిట్టర్ పరిచయమయ్యాడు. బషీర్ కాలంలో యూనియన్‌వాడని ఉద్యోగం పీకేశారట. భారతదేశం అనగానే నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలెట్టాడు. మీ రైల్వే ఇంకా ప్రభుత్వానిదేనా? సమ్మె చేశారా ఎప్పుడైనా? 1974 మే నెల సమ్మె సంగతి చెప్పాను. సమ్మె నడిపిన జార్జి ఫెర్నాండెజ్, లక్షలమంది కార్మికులు, వేలల్లో అరెస్టులు. అతను ఆపి ఒకటే అడిగాడు. తీసేసినవాళ్లను మళ్లీ తీసుకున్నారా? 1977లో ప్రభుత్వం మారాక చాలామందిని తీసుకున్నారన్నాను. ఆ ఏడాది మరోసారి చెప్పమన్నాడు. పక్కనున్న మనవణ్ణి పిలిచి, ఖార్టూంకి పంపబోయే అర్జీలో అదీ రాయమన్నాడు.