నాడె పలికితే... తాడు కదిలితే...

గద్వాలలో నేతగాళ్ల వీధిలోకి అడుగుపెడితే మనుషులకంటే ముందు చప్పుడు పలకరిస్తుంది. టకటకా... టకటకా. లోపల గుంటమగ్గం మీద ఒకరు, పక్కన తోడుగా మరొకరు. చాలా ఇళ్లల్లో ఆ ఇద్దరూ భార్యాభర్తలే. గంటసేపు చూసినా వాళ్ల మధ్య పట్టుమని పది మాటలు దొర్లవు. అలిగారేమో అనుకునేరు! అదేం లేదు. పని నడిచినంతసేపూ మాట్లాడుకుంటూనే ఉంటారు. కాకపోతే నోటితో కాదు.

గద్వాల చీర ఎలా తయారవుతుందో తెలిస్తే సంగతి బోధపడుతుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలును, పట్టును సూదితో కుట్టరు. నేతలోనే కలుపుతారు. దీన్నే కుప్పడం అంటారు. నడిమి భాగానికి ఒక నాడె, ఆ అంచుకొకటి, ఈ అంచుకొకటి. నూలు పేక, పట్టు పేక ఎదురై ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగాలి. ఒక్క మెలిక తప్పినా అక్కడ సందు పడుతుంది. అంచు నాడె వేసే చెయ్యి తొందరపడకూడదు, ఆలస్యమూ చేయకూడదు. అందుకే ఆయన తొక్కుడు చెక్క మీద కాలు మార్చడం మొదలెట్టగానే ఆమె చెయ్యి నాడె మీదికి వెళ్లిపోతుంది. పోగు తెగితే చప్పుడు మారుతుంది. ఒక చెయ్యి ఆగుతుంది, రెండో చెయ్యీ ఆగుతుంది. తెగిందని ఎవరూ అనరు. అవసరమేముంది!

ఇద్దరి పొందిక ఇలా ఉంటే, ముగ్గురైతే? ఏటా శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున తిరుమలకు ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. ఒక్కో పంచె 11 గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు. అంత వెడల్పుకు ఒక మనిషి చేతులు చాలవు. అందుకే మగ్గం మీద ఒకేసారి ముగ్గురు కూర్చుంటారు. 41 రోజులు నియమనిష్ఠలతో నేస్తారు. ముగ్గురి ఊపూ ఒకటి కావాలి. ఒకరి దెబ్బ గట్టిగా, ఇంకొకరిది మెత్తగా పడితే బట్ట ఊరుకోదు, చూపించేస్తుంది.

ఇదంతా పుస్తకం చదివి నేర్చుకునే విద్య కాదు. అమ్మ పక్కనో నాన్న పక్కనో కూర్చుని, ఆ చేతులు చూసీ చూసీ పట్టుకోవాలి. ఇప్పుడా పక్క చోటే ఖాళీ అవుతోంది. చదువుకున్న పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. మగ్గం మీద వచ్చే రాబడి చూస్తే వాళ్లను తప్పుపట్టలేం. కానీ తోడు లేకుండా కుప్పడం సాగదు. కూలికి మనిషి దొరికినా చెయ్యికి చెయ్యి కుదరాలి కదా. అది ఒకటి రెండు రోజుల్లో వచ్చేది కాదు.

గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఒకపక్క కృష్ణ, మరోపక్క తుంగభద్ర. రాయచూరు దగ్గర కాబట్టి మాటలో కన్నడ వాసన కూడా తగులుతుంది. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క విషయంలో తికమకపడతారు. పెద్దవాళ్లను సైతం ‘నువ్వు’ అంటారేమిటని! ‘నువ్వు తిన్నవా పెద్దనాయినా’ అన్నప్పుడు ‘నువ్వు’ దగ్గరే ఆగిపోతే ఆ మాట మోటుగానే ఉంటుంది. మర్యాద ఆ ‘పెద్దనాయినా’లో ఉంది, కాస్త వంగిన తలలో ఉంది. ‘మీరు’ అంటూనే ముఖం తిప్పుకునే నగరంకంటే ఇదే నయం అనిపిస్తుంది.

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా హైదరాబాద్ దారిపడితే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి, ఆ వెంటనే కృష్ణ మీద వంతెన. అవతల వనపర్తి జిల్లా. 2016లో జిల్లాలు విడిపోకముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాయే.

వంతెన దాటాక వచ్చే పెబ్బేరులో శనివారం సంత. ఎడ్లు, గొర్రెలు, దుమ్ము, కేకలు. పశువుల సంతల్లో పాత దళారుల పద్ధతి ఒకటుంది. అసలు ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలుపుతారు, పైన తువాలు కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడతాయి. నాలుగు వేళ్లు పట్టి నొక్కితే నాలుగు. అది వేలా, పదివేలా అన్నది ఇద్దరికీ ముందే తెలుసు. చుట్టూ పదిమంది నిలబడినా బేరం ఎంతకు తెగిందో అంతుచిక్కదు. మరో ఎద్దు బేరం చెడకూడదు కదా! పక్కన ఎద్దు మాత్రం ఏ గుట్టూ దాచుకోదు. నోరు తెరిస్తే చాలు, రెండు పళ్లదో, ఆరు పళ్లదో తేలిపోతుంది.

అక్కడి నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటితే మన్ననూరు. నల్లమల గుమ్మం అది. లోపలి అడవిలో చెంచు పెంటలున్నాయి. వియన్నా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ వీళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వెలువడింది. చెంచులు మాట్లాడేది తెలుగే. అయితే కొండ తేనె దగ్గర ఆ తెలుగు కూడా పక్కకు తప్పుకుంటుంది.

కొండ తేనెటీగలు నిట్టనిలువు బండల కింద పట్టు పెడతాయి. దాన్ని దింపాలంటే పై నుంచి తాడు కట్టుకుని లోయలోకి వేలాడాలి. పొగ పెట్టాలి, ఈగలను తప్పించుకోవాలి, పట్టు కోయాలి. పైన తాడు దగ్గర ఎవరుండాలి? సొంత తమ్ముడు కాదు. భార్య తోడబుట్టినవాడు, అంటే బావమరిది. అక్క పసుపుకుంకుమలు పోగొట్టుకునే పని ఏ తమ్ముడూ చేయడన్నది చెంచుల లెక్క. ఎంత నిక్కచ్చి లెక్కో చూడండి!

కిందున్న బావ పైనున్నవాడికి కనపడడు. బండ అడ్డం. ఈగల హోరులో కేక వేసినా తెలియదు. అరచేతిలోని తాడు ఒక్కటే ఆధారం. అది బిగిసిందా, వదులైందా, ఊగిందా, ఉన్నట్టుండి ఊరకుందా? బావమరిది కళ్లు ఎటున్నా మనసంతా ఆ అరచేతిలోనే ఉంటుంది. పట్టు తెగి బరువు మారగానే పాదాలు నేలకు తన్నిపెట్టి మెల్లగా లాగడం మొదలెడతాడు.