బీగం వద్దు, దావా వేద్దాం

కడప

మిత్రమా,

వై.వి. స్ట్రీట్‌లో నీ అంగడికి ఏడు నెలలుగా బాడుగ రాలేదు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు అంగళ్లవాళ్లు సరుకంతా తడిసి బాడుగ ఆపారంటే అది వేరు. ఇక్కడ నీ బాడుగదారు రంజాన్ బేరం బ్రహ్మాండంగా చేసుకుని కూడా పైసా ఇవ్వలేదు. కువైట్ ఎండలో నువ్వు పడ్డ కష్టమంతా ఆ అంగట్లోనే ఉంది. నాకే కడుపు మండుతోంది.

అయినా మీ బావమరిది రాత్రికి రాత్రి షట్టర్‌కు కొత్త బీగం వేస్తానంటే ఒప్పుకోవద్దు. చట్టప్రకారం కాకుండా బయటికి గెంటితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆ బాడుగదారు ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ అదే అంగట్లో కూర్చోవచ్చు. సొంతదారుణ్ణి నేనేనని నువ్వెంత మొత్తుకున్నా ఆ దావాలో పనికిరాదు. హక్కు లేకుండా ఉంటున్నవాణ్ణయినా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 1989లోనే, కృష్ణా రామ్ మహాలే కేసులో చెప్పింది. అదీ ఒక హోటల్ వ్యాపారం తగాదానే.

లాయరుతో మాట్లాడినాను. మీ మూడేళ్ల అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు కాబట్టి నెలసరి బాడుగ కిందే లెక్కట. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చి, ఖాళీ చేయకపోతే దావా వేయాలి. నోటీసు తర్వాత అతను ఏమైనా కడితే బాడుగ అని రసీదు రాయొద్దు. నోటీసు వదులుకున్నట్టు అవుతుంది. వాడుకున్నందుకు నష్టపరిహారం అని రాయాలి. మన రాష్ట్రంలో సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేర్చిన 15-ఎ ఆర్డర్ ఒకటుంది. దాని ప్రకారం బాడుగదారు జవాబు దాఖలు చేసేటప్పుడే వివాదం లేని బకాయి కోర్టులో కట్టాలి, తీర్పు దాకా కడుతూనే ఉండాలి. కట్టకపోతే అతని వాదన కొట్టేయొచ్చు. నాకు ధైర్యమిచ్చింది ఇదే.

డిక్రీ వచ్చాక కూడా మొండికేస్తే దాన్ని అమలు చేయించమని ఇ.పి. (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేద్దాం. కోర్టు అమీను వారెంటుతో వచ్చి, అవసరమైతే కోర్టు ఉత్తర్వుతోనే బీగం పగలగొట్టించి, తాళంచెవులు మన చేతికిస్తాడు. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ అలా వచ్చిన అంగడిని మళ్లీ ఎవరూ లాక్కోలేరు.

బకాయి వసూలుకు మూడేళ్లే గడువు. అందుకే ఈ వారమే కువైట్‌లో మన ఎంబసీకి పోయి నా పేర పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపు. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి, ఆ పని నేను చూసుకుంటా. అగ్రిమెంటు అసలు కాగితం, పాత బాడుగ జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా మర్చిపోకుండా పంపు.

నీ
మిత్రుడు