సున్నాయా, లేడా?

మా మనుమరాలు మొయినాబాదు దగ్గర ఇంజనీరింగు చదువుతోంది. మొన్న ఆదివారం చేవెళ్ళకు వచ్చి, మా ఇంటి వసారాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. "ఏమిటమ్మా అది?" అన్నాను. "గో భాష తాతా" అంది. తెలుగు పండితుణ్ణి కదా, నాకు వెంటనే గోవు స్ఫురించింది! నవ్వి, అది గూగుల్ సంస్థలో 2007లో మొదలై, 2009లో లోకానికి వెల్లడైన ప్రోగ్రామింగు భాష అని చెప్పింది.

అందులో 'మ్యాప్' అని ఒకటుంది. పటం కాదు, మన మార్కుల పట్టీ వంటిది. పేరు అడిగితే దానికెదురుగా ఉన్న విలువ చెబుతుంది. ఆ పేరును 'కీ' అంటారు. తరగతి మార్కులను ఆమె అలా అమర్చింది. పట్టీలో లేని పేరొకటి అడిగి చూడమన్నాను. యంత్రం తడుముకోకుండా 'సున్నా' అంది!

"ఇదేమి అన్యాయమే! లేనివాడికి సున్నా వేయడమేమిటి?"

"గో పద్ధతి అంతే తాతా. కీ లేకపోతే తప్పని చెప్పదు. సంఖ్యలైతే సున్నా, అక్షరాలైతే ఖాళీ ఇచ్చి ఊరుకుంటుంది. ఉందో లేదో తేల్చుకోవాలంటే రెండో ప్రశ్న మనమే అడగాలి."

అలా అంటూ, జవాబు అందుకునే చోట ఒక పేరుకు బదులు రెండు పేర్లు, నడుమ కామాతో వ్రాసింది. మొదటి దానిలోకి మార్కులు వస్తాయి. 'ఓకే' అనే రెండవ దానిలోకి నిజమో అబద్ధమో వస్తుంది. సున్నాతో నిజం వస్తే, పరీక్ష వ్రాసి సున్నా తెచ్చుకున్నాడని అర్థం. సున్నాతో అబద్ధం వస్తే, అసలు పట్టీలోనే లేడని.

నాకు తర్కసంగ్రహం జ్ఞప్తికి వచ్చింది. అందులో అన్నంభట్టు అభావాన్ని ఏడవ పదార్థంగా చెప్పి, నాలుగు విధాలుగా విభజించాడు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం. ఉండి నశించడం ప్రధ్వంసాభావం. "మరి ఉన్న పేరును కొట్టివేస్తే?" అని అడిగాను. "అప్పుడూ అబద్ధమే వస్తుంది తాతా. ఎన్నడూ లేనివాడూ, ఉండి పోయినవాడూ దానికి ఒక్కటే."

ఆ మాటతో నాకు ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అర్ధసంవత్సర పరీక్షకు రాని వాడొకడికి, 'రాలేదు' అని వ్రాయవలసిన గడిలో తొందరపాటున సున్నా చుట్టాను. ఆ వారమంతా వాడు జ్వరంతో పడి ఉన్నాడట. సున్నా చూసిన తండ్రి, వీడికి చదువు అబ్బదని బడి మాన్పించి క్యారెట్ తోటలో పనికి పెట్టాడు. సంగతి నాకు తెలిసేసరికి నెలలు గడిచాయి. హాజరు పట్టీలో వాడి పేరును ఎర్రసిరాతో కొట్టివేసినదీ నేనే.

సోమవారం మనుమరాలిని దిగబెట్టడానికి బస్సులో మొయినాబాదు దాకా వెళ్ళాను. దారికిరువైపులా ముసలి మర్రిచెట్లు, నడుమ నడుమ ఖాళీలు. చెట్టు కూలిన చోటేదో, మొదటినుంచీ లేని చోటేదో ఆ దారిన ఏండ్ల తరబడి తిరిగినవాణ్ణి గనుక నాకు తెలుసు.

వాడి పేరు నేను మరువలేదు. వచ్చే ఆదివారం వాడి ఊరికి వెళ్ళి, ఎక్కడున్నాడో విచారించాలి. ఆ రెండో ప్రశ్న నేను ఆనాడే అడగవలసింది.