జంట పేర్లు

కాలేజీ రోజుల్లో నేనూ, ఒక మిత్రుడూ కలిసి కళింగపట్నం లైటుహౌసు దగ్గర ఇసుకలో కూర్చుని ఒక నాటిక రాశాం. వాళ్లది వేట మీద బ్రతికే కుటుంబం. వలకూ తెప్పకూ అప్పిచ్చిన షావుకారే పడిన చేపకు ధర కట్టడం మా ఇతివృత్తం. మాటలు అతను చెప్పేవాడు, నేను కాగితం మీద పెట్టేవాణ్ణి. అచ్చు వేసేటప్పుడు మాత్రం నా పేరొక్కటే వేయించాను.

"కాయితం మీద నువ్వే ఎట్టినావు, సరే. ఆ నోరు ఎవుల్దిరా?" అని అతను ఒక్కసారే అడిగాడు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల గురించి పాఠం చెప్పినప్పుడల్లా ఆ ప్రశ్న నన్ను నిలదీస్తుంది. కృష్ణా జిల్లా రైతు ఉద్యమంలో నుంచి వచ్చిన ఈ ఇద్దరూ, జమీందారీ దోపిడీపై 'ముందడుగు' రాశారు. 1947లో తెలంగాణ రైతాంగ పోరాటంపై 'మా భూమి' రాశారు. డాక్టర్ గరికపాటి రాజారావు గారి దర్శకత్వంలో ప్రజానాట్యమండలి ఈ నాటకాలను ఊరూరా ఆడింది. 'మా భూమి'ని ప్రభుత్వం నిషేధించింది.

వీటిలో ఏ రంగం ఎవరు రాశారని విద్యార్థులు అడుగుతారు. ఆ లెక్క తేల్చడం విమర్శకు అంత ప్రయోజనకరం కాదు. అయితే జంటలో వ్యక్తి మాయమైపోతాడనుకోవడం కూడా పొరపాటే. నాజర్ గారి గొంతులో మారుమోగిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ సుంకర ఒక్కరి రచన. ఎవరి శక్తి వారికుంది. కలిసి రాసినచోట మాత్రం రెండు పేర్లూ నిలిచాయి. 1957లో వాసిరెడ్డి, 1975లో సుంకర గతించారు. ఈనాటికీ ఒకరి పేరు తలిస్తే రెండవ పేరు దానంతటదే నోటికొస్తుంది.

జంటగా రాయడమే అభ్యుదయమని కూడా భ్రమపడరాదు. అమెరికాలో జెరోమ్ లారెన్స్, రాబర్ట్ ఇ. లీ అనే జంట టిక్కెట్లమ్ముకునే రంగస్థలానికి కూడా రాసింది. వారే 1955లో 'ఇన్‌హెరిట్ ది విండ్' ద్వారా, 1925 నాటి పరిణామవాద బోధన కేసును కథగా చేసుకుని, భావస్వాతంత్ర్యాన్ని సమర్థించారు. కనుక చూడవలసింది ఇద్దరా, ఒకరా అని కాదు. శ్రమ ఎవరిది, పేరు ఎవరికి దక్కింది అన్నది చూడాలి.

ఇక్కడే నా తప్పు తెలుస్తుంది. మిత్రుడు అడిగిననాడు, "పేరుదేముంది, ఇది ప్రజల నాటిక" అన్నాను. పేరుదేమీ లేకపోతే నా పేరు మాత్రం ఎందుకుండాలి? షావుకారు చేపకు ధర కట్టినట్టే నేను అతని మాటకు ధర కట్టాను. మంచి నినాదం కూడా దోపిడీకి ముసుగు కాగలదని పుస్తకాల్లో చదవనక్కరలేకపోయింది.

ఈ ఏడు మా విద్యార్థులు ఆ నాటిక ఆడతామన్నారు. కరపత్రంలో అతని పేరు ముందు వేయమన్నాను. అయితే అంతకుముందు నేను వెళ్లి అతన్ని అడగాలి. ఒప్పుకోకపోతే నాటిక ఆడం. ఇది నా ఔదార్యం కాదు, అతనికి నేను పడిన బాకీ.